నాయన నోటు పుస్తకాలు చదివి వినిపించాలి, కంప్యూటర్ తెలుగు గొంతుతో ఇబ్బందిగా ఉంది

బుచ్చి కయ్య:

అందరికీ నమస్తే. మాది నెల్లూరు జిల్లా, బుచ్చిరెడ్డిపాళెం పక్కన పెన్నాకి దగ్గర్లో చిన్న ఊరు. మా నాయనకి డెబ్బై ఆరేళ్లు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిని రెండేళ్లుగా అక్షరం కనపడటం లేదు. ఎదురుగా మనిషి నిలబడితే ఆకారం తెలుస్తుంది, అంతే. ఆయన 1979 నుంచి సేద్యం సంగతులన్నీ నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. మొత్తం ఇరవై మూడు పుస్తకాలు. నారు ఎప్పుడు పోశాం, కాలవకి నీళ్లు ఎప్పుడు వదిలారు, ఎన్ని పుట్లు అయినాయి, పుట్టి ఎంతకి పోయింది, ఎవరి దగ్గర ఎంత బదులు తెచ్చాం, ఏ ఎద్దుకి జబ్బు చేసింది, అన్నీ ఉంటాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు ఇంట్లోకి నీళ్లొచ్చి నాలుగు పుస్తకాలు తడిసిపోయాయి. ఆరబెట్టాం కానీ సిరా పాకిపోయింది. అప్పుడే భయమేసి టైపు చేయడం మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు పుస్తకాలు అయినాయి.

ఆదివారం ఇంటికి పోయినప్పుడు నేనే ఫోన్లో చూసి చదివి వినిపిస్తాను. ఆయన మంచం మీద పడుకుని కళ్లు మూసుకుని వింటాడు, మధ్యలో ఆపి ఏదో ఒకటి చెప్తాడు. మిగతా ఆరు రోజులు నేను ఉద్యోగం ఊళ్లో ఉంటాను. అమ్మ చదువుకోలేదు. అందుకని నేను లేనప్పుడు కూడా ఆయన వినేలా ఉంటే బాగుంటుందని, అక్షరాన్ని మాటగా మార్చే ఒక ఆన్‌లైన్ సైటులో నాలుగు పేజీలు పెట్టి చూశాను. ఆడ గొంతు ఎంచుకుని బటన్ నొక్కాను. మొదటి వాక్యం విన్నప్పుడు నిజంగా ఆశ్చర్యపోయాను, అచ్చం మనిషి చదివినట్టే ఉంది, ఊపిరి తీసుకున్నట్టు కూడా వినపడింది.

రెండో వాక్యం నుంచి కష్టం మొదలైంది. నాయన తేదీ 14-11-84 అని రాస్తాడు. అది "పద్నాలుగు మైనస్ పదకొండు మైనస్ ఎనభై నాలుగు" అని చదివింది. వడ్ల కొలత "పు. 3 తూ. 12" అని ఉంటే "పు" అని ఆగి, మూడు అని, "తూ" అని ఆగి, పన్నెండు అంది. బీపీటీ 5204 వడ్లని "ఐదువేల రెండువందల నాలుగు" అని చదివింది. అవన్నీ ఒక ఎత్తు, ఆ వేగం ఒక ఎత్తు. టీవీలో వార్తలు చదివినట్టు గబగబా పోతా ఉంది, నాయన ఒక మాట పట్టుకునే లోపు మూడు మాటలు దాటిపోతున్నాయి. రెండు నిమిషాలు విని "ఆపరా, ఎవరి లెక్కలో చదువుతా ఉంది" అన్నాడు. ఆయన రాసుకున్నవే ఆయనకి ఎవరివో లాగా వినపడ్డాయి. నాకు ఆ మాట చాలా బాధనిపించింది.

నా ప్రశ్నలు ఇవి. తెలుగుకి నిదానంగా, స్పష్టంగా చదివే గొంతు ఏది? టైపు చేసినదాన్ని ఎలా మార్చితే సరిగా చదువుతుంది? ఇంకొకటి, 1998 నుంచి 2001 వరకు లెక్కలు అప్పట్లో ఎవరో డీటీపీ సెంటర్లో టైపు చేయించి సీడీలో ఇచ్చారు, అది ఇప్పుడు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనపడుతున్నాయి, దాన్ని ఏం చేయాలి? ఆఖరుది, నిమిషం గొంతు రికార్డు చేసి ఇస్తే అదే గొంతుతో చదివే సైట్లు ఉన్నాయంట. నాయన గొంతుతోనే ఆయన పుస్తకాలు చదివిస్తే ఎలా ఉంటుంది? మంచిదా కాదా అని తేల్చుకోలేకపోతున్నా.

దర్శి టీచరు:

తమ్ముడూ, నేను పిల్లలకి ఆడియో పాఠాలు చేస్తుంటాను, నీకొచ్చిన కష్టాలన్నీ నాకూ వచ్చాయి. మొదట్లో నేనూ గొంతులు మార్చి మార్చి చూశాను, ఒక వారం అంతా అదే పని. చివరికి తెలిసిందేంటంటే గొంతు కంటే ముందు రాత మార్చాలి. మనం కంటితో చదివేటప్పుడు "పు. 3" చూడగానే మూడు పుట్లు అని మనసులో నింపుకుంటాం. మిషన్‌కి ఆ నింపుకునేది రాదు, వచ్చినా అందరికీ తెలిసిన పొట్టి మాటలే వస్తాయి. "కి.మీ." చదవగలదేమో, మీ నాయన గారి "తూ." దానికెక్కడ తెలుస్తుంది?

అందుకని రెండు ఫైళ్లు పెట్టుకో. ఒకటి నాయన గారు రాసింది రాసినట్టు, దాన్ని ముట్టుకోవద్దు. రెండోది చెవి కోసం. ఆ రెండో దాంట్లో అంకెలన్నీ అక్షరాల్లోకి మార్చు. "14-11-84, పు. 3 తూ. 12, ఎ. 1 1/2" అని ఉన్నదాన్ని "ఎనభై నాలుగు, నవంబరు పద్నాలుగు. ఎకరన్నర. మూడు పుట్లు, పన్నెండు తూములు." అని రాయి. పావు, అర, ముప్పావు అని మాటల్లోనే రాయి, గీత పెట్టి రాస్తే తేదీ అనుకుంటుంది. 5204ని "ఐదు రెండు సున్నా నాలుగు" అని విడివిడిగా రాయి. చుక్క ఉన్న ప్రతి పొట్టి మాటనీ విప్పెయ్యాలి, ఎందుకంటే అది చుక్క చూడగానే వాక్యం అయిపోయిందనుకుని ఆగుతుంది. ఫైలంతటా ఒకేసారి "తూ." వెతికి "తూములు" అని మార్చే సదుపాయం ఏ ఎడిటర్‌లో అయినా ఉంటుంది, కానీ కళ్లతో చూస్తూ ఒక్కొక్కటే మార్చు, లేకపోతే వేరే మాటల్లో ఉన్నవి కూడా మారిపోతాయి. నాకు ఒకసారి పాఠం మొత్తం అలా పాడైంది.

వాక్యాలు చిన్నవి చెయ్యి. మనం మాటలు కలిపేసి రాస్తాం కదా, "తేవాల్సివచ్చిందనుకున్నాం" లాంటివి. అవి విడగొట్టి "తేవాల్సి వచ్చింది అనుకున్నాం" అంటే చాలా శుభ్రంగా పలుకుతుంది. ఎక్కడ ఆగాలో అక్కడ కామా పెట్టు, వ్యాకరణం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా సరే. ఒక తేదీ అయ్యాక కొత్త పేరా పెట్టు, అక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుతుంది.

గొంతు సంగతి: మైక్రోసాఫ్ట్ వాళ్లకి తెలుగులో శ్రుతి, మోహన్ అని రెండు గొంతులున్నాయి. ఎడ్జ్ బ్రౌజర్‌లో పేజీ తెరిచి బిగ్గరగా చదివించే ఆప్షన్ నొక్కితే డబ్బు కట్టకుండానే వినొచ్చు, వేగం తగ్గించుకోవచ్చు. మోహన్ గొంతు పెట్టి బాగా నెమ్మది చేసి నాయన గారికి ఒకసారి వినిపించు. మగ గొంతు అయితే ఆయన రాసినవి ఆయనకి కొంచెం దగ్గరగా అనిపించొచ్చు.

ఒంగోలు డీటీపీ:

ఆ సీడీ సంగతి నేను చెప్తా అన్నా. అది అను ఫాంట్లలో చేసింది అయ్యుంటుంది. ఆ రోజుల్లో డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌లో అదే వాడేవాళ్లం, పెళ్లి పత్రికలు, కరపత్రాలు, సొసైటీ లెక్కలు అన్నీ. అవి చూడటానికే తెలుగు. కంప్యూటర్ లోపల దాచుకున్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాలే, ఆ ఫాంటు ఉంటేనే వాటి మీద తెలుగు బొమ్మలు కనపడతాయి. ఫాంటు లేకపోతే నువ్వు చూసిన కలగాపులగమే. చదివే మిషన్‌కి బొమ్మతో పనిలేదు, లోపలున్న కోడ్ చూస్తుంది, అందుకే దానికి అది తెలుగు కాదు. ఇప్పుడు ఫోన్లో నువ్వు టైపు చేసేది యూనికోడ్. అందులో తెలుగు ప్రతి అక్షరానికీ దాని సొంత సంఖ్య ఉంది, అందుకే ఏ ఫోన్లో అయినా, ఏ గొంతుతో అయినా పనిచేస్తుంది.

అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. కానీ ఏ వెర్షన్ అను అన్నది ముందు తెలుసుకోవాలి, తప్పు వెర్షన్ ఎంచుకుంటే సగం సరిగ్గా సగం తప్పుగా వచ్చి ఇంకా మోసం చేస్తుంది. సరైనది ఎంచుకున్నా ఒత్తులు, గుడి, గుడిదీర్ఘం, క్రావడి ఇవి తప్పకుండా ఒకసారి చూసుకో. లెక్కల కాగితం కాబట్టి అంకెలు మరీ జాగ్రత్త. మా దగ్గర ఇప్పటికీ పాత మిషన్ ఒకటి అను ఫాంట్లతో అలాగే ఉంచాం, ఇలాంటి ఫైళ్లు వస్తూనే ఉంటాయి. మీ దగ్గర్లో పాత డీటీపీ సెంటర్ ఏదైనా ఉంటే ముందు అక్కడ తెరిపించి ప్రింటు తీయించుకో. పక్కన ప్రింటు పెట్టుకుని మార్చినది సరిచూస్తే టెన్షన్ ఉండదు.

పొదిలి పంతులు:

నేను తెలుగు చెప్పి రిటైర్ అయినవాణ్ని. మీ నాయన గారికి అది పరాయి గొంతులా వినపడటానికి వేగం ఒక్కటే కారణం కాకపోవచ్చు బాబూ. ఒకసారి "చలి", "చాలు", "చుట్టం", "జడ", "జొన్న" ఈ మాటలు ఆ మిషన్‌తో చదివించి విను. మన ఇళ్లలో వీటిలోని చ, జ లని నాలుక కొన పళ్లకి ఆనించి పలుకుతాం. "చరిత్ర", "జయం" అనేటప్పుడు పలికే చ, జ వేరు. రాయడం మాత్రం రెంటినీ ఒకేలా రాస్తాం. వెనకటి వాళ్లు ఈ తేడా చూపించడానికి చ మీద, జ మీద చిన్న గుర్తు పెట్టేవారు, ౘ, ౙ అని. యూనికోడ్‌లో కూడా ఆ రెండు అక్షరాలు ఉన్నాయి, కానీ వాడేవాళ్లు లేరు. చదివే మిషన్‌కి ఏ మాటలో ఏ చ వస్తుందో విని నేర్చుకోవడం తప్ప దారి లేదు, బాగా నేర్పనిది అన్నింటినీ "చరిత్ర" చకారంతోనే చదువుతుంది. "వచ్చాడు" అన్న మాటలో చివరి దీర్ఘం కూడా అంతే, రాసేది ఆ, మనం పలికేది ఆ కీ ఏ కీ మధ్యలో ఉంటుంది. "ఫలం" లో ఫ ని "ఫ్యాను" లో ఫ లాగా పలికే గొంతులూ విన్నాను.

గొంతు ఎంచుకునేటప్పుడు వార్తల వాక్యం పెట్టి చూడొద్దు, దాన్ని అన్ని గొంతులూ బాగానే చదువుతాయి. "చలికి జొన్న చేలో చాప వేసుకుని పడుకున్నాడు" లాంటి వాక్యం పెట్టి చూడు. అది సరిగ్గా పలికిన గొంతు మీ నాయన గారి రాతకి దగ్గరగా ఉంటుంది. ఇంకో మాట, నువ్వు టైపు చేసేటప్పుడు ఆయన మాటల్ని పుస్తకాల భాషలోకి దిద్దావా? "ఎడగారు" (రెండో పంట), "కయ్య" (మడి), "పెట్టినాం", "ఉండాది" అన్నవి అలాగే ఉంచావా?

బుచ్చి కయ్య:

సార్, మీరు అడిగింది నాకు గట్టిగా తగిలింది. మొదటి రెండు పుస్తకాలు నేను ఫోన్లో మాట్లాడి టైపు చేయించాను, తొందరగా అవుతుందని. "ఎడగారు" అంటే "ఎదగారు" అని, "కయ్యకి" అంటే "కయ్యానికి" అని పడింది. కొన్ని చోట్ల నేనే "ఉండాది"ని "ఉంది" అని, "ఒదిలినారు"ని "వదిలారు" అని మార్చేశాను, శుభ్రంగా ఉంటుందని. నోటు పుస్తకాలు ఉన్నాయి కాబట్టి ఆ రెండూ మళ్లీ మొదటి నుంచి చేస్తాను.

అక్కా, మీరు చెప్పినట్టు ఒక పేజీ మార్చి చూశాను. తేడా చాలా ఉంది. అన్నా, సీడీ తీసుకుని ఆదివారం నెల్లూరు పోతాను.

చెవితో చదువుతా:

నేను పుట్టుకతోనే చూపు లేనివాణ్ని, మాది ప్రకాశం జిల్లా. ఇరవై ఏళ్ల పైన స్క్రీన్ రీడర్‌తోనే, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తోనే చదువుకుని ఉద్యోగం చేస్తున్నాను. పైన టీచరు గారు చెప్పినవన్నీ మంచివే, ఒక్క దాంట్లో నా అభిప్రాయం వేరు. మనిషి గొంతులా ఉండటానికి అందరూ అంత విలువ ఇస్తారు, రోజూ వినేవాళ్లకి దానికంటే ముందు కావాల్సింది చేతిలో ఉండటం. నాకు కావాల్సినప్పుడు ఆపగలగాలి, వెనక్కి పోగలగాలి, ఒక మాట అర్థం కాకపోతే అక్షరం అక్షరంగా చెప్పించుకోగలగాలి. నేను కంప్యూటర్‌లో ఎన్వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడతాను, ఉచితం, 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని ఒకాయన మొదలుపెట్టింది. దాంతో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. అది రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉంటుందని కొత్తవాళ్లు అంటారు, నిజమే, కానీ అది మనిషి రికార్డింగుల నుంచి నేర్చుకున్న గొంతు కాదు, ధ్వనుల్ని లెక్క ప్రకారం తయారుచేస్తుంది, అందుకే ఎంత వేగం పెంచినా అక్షరం చెదరదు. మీ నాయన గారికి అది పెట్టమని చెప్పడం లేదు, ఈ వయసులో ఆ గొంతుకి చెవి అలవాటు చేసుకోమనడం న్యాయం కాదు. మీరు గొంతు అందం దగ్గరే ఆగిపోకూడదని చెప్తున్నా.

ఆయన విషయంలో రోజూ సైటు తెరవడం, కాపీ చేయడం ఎవరు చేస్తారు? అమ్మగారికి చదువు రాదన్నారు. నెట్ లేని రోజు ఏం చేస్తారు? అందుకని ఆడియో ఫైళ్లుగా దింపి, పెన్ డ్రైవ్ పెట్టుకునే చిన్న స్పీకర్ ఒకటి కొనివ్వండి, బటన్లు చేతికి తగిలేది, టచ్ స్క్రీన్ వద్దు. ప్లే బటన్ మీద నెయిల్ పాలిష్ మందంగా ఒక చుక్క పెట్టి ఆరనివ్వండి. వేలికి తెలుస్తుంది. ఆయనే వేసుకుంటాడు, ఆయనే ఆపుకుంటాడు. ఎవరినీ పిలవక్కర్లేదు. ఈ పిలవక్కర్లేకపోవడం ఎంత పెద్ద విషయమో చూపున్న వాళ్లకి చెప్పడం కష్టం.

ఒక్కో ఫైలు ఐదు నిమిషాలు దాటనివ్వొద్దు. ప్రతి ఫైలు మొదట్లో సంవత్సరం, నెల చెప్పించండి, ఎక్కడున్నాడో ఆయనకి తెలియాలి కదా. పేర్లు 1984-11, 1984-12 ఇలా పెడితే స్పీకర్‌లో వరసగా వస్తాయి. ఫోన్లో వినాలంటే ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో గూగుల్ స్పీచ్ తెలుగు గొంతు డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకపోయినా చదువుతుంది. ఇంకా చూడాలనుకుంటే ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్లవి, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన భాషిణి అనే భాషల వేదికలోవి కూడా తెలుగు గొంతులు ఉన్నాయి, వాటిలోనూ పంతులు గారి వాక్యం పెట్టి పరీక్షించండి.

బదులు లెక్కల్లో మనుషుల పేర్లు ఉంటాయి కదా. అవి తెలియని సైట్లలో పెట్టకండి. ఆ పేజీలు ఫోన్లోనే చదివించండి.

గొంతు నకలు గురించి అడిగారు. వద్దనే నా మాట. ఒకసారి గొంతు మచ్చు ఎవరి దగ్గరికో పోయాక దాన్ని వాళ్లు ఏం చేస్తారో మన చేతిలో ఉండదు, ఇప్పుడు అయినవాళ్ల గొంతుతో ఫోన్ చేసి డబ్బు అడుగుతున్న మోసాలు జరుగుతున్నాయి. అదొక్కటే కాదు. మీ నాయన గారి గొంతు ఆయన దగ్గర ఉంది. ఆయన మధ్యలో ఆపి ఏదో చెప్తాడని మీరే రాశారు. అది రికార్డు చేస్తున్నారా?

బుచ్చి కయ్య:

లేదన్నా. చేయలేదు. ఇన్ని ఆదివారాలు వట్టిగా వినేసి వదిలేశాను.

బుచ్చి కయ్య:

మూడు వారాల తర్వాత రాస్తున్నా. స్పీకర్ కొన్నాను, చుక్క పెట్టాను. మగ గొంతే నాయనకి నచ్చింది, వేగం బాగా తగ్గించాం. సీడీ ఒక పాత సెంటర్లో తెరుచుకుంది, ప్రింటు తీసుకున్నా, మార్చినదాంట్లో ఒత్తులు చాలా చోట్ల పోయాయి, సరిచేస్తున్నా. "చలి" ఇప్పటికీ సరిగ్గా పలకట్లేదు, "సలి" అని రాసి చూశాను, అది ఇంకా తప్పుగా ఉంది, వదిలేశాను. నాయన దానికి అలవాటు పడ్డాడు.

పోయిన ఆదివారం 1984 నవంబరు ఫైలు వేసుకున్నాడు. శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను అది. ఆ రోజు పుస్తకంలో రెండే వాక్యాలున్నాయి: "గాలివాన. నారుమడి మునిగింది, మళ్లా విత్తనం తేవాల." మిషన్ ఆ రెండూ చదివి డిసెంబరుకి పోయింది. నాయన చుక్క తడిమి ఆపేశాడు. వెనక్కి పెట్టి మళ్లీ విన్నాడు. ఆ తర్వాత పది నిమిషాలు మాట్లాడాడు. ఆ రాత్రి ఇంటి పైకప్పు తాటాకు లేచిపోతే నన్ను దుప్పట్లో చుట్టుకుని పక్కింటి మిద్దె మీదకి ఎట్లా పోయిందీ, తెల్లారి దిగి చూస్తే ఎద్దు రెండూ గట్టు మీదనే నిలబడి ఉన్నాయంట, విత్తనానికి డబ్బు ఎవరిచ్చారో పుస్తకంలో ఎందుకు రాయలేదో కూడా చెప్పాడు. ఇచ్చినాయన పేరు రాయొద్దన్నాడంట. నాకు ఇదేదీ తెలియదు, అప్పుడు నాకు రెండేళ్లు.

ఈసారి ఫోన్ మంచం మీద పెట్టి రికార్డు నొక్కి ఉంచాను. ఆ ముక్కని 1984-11-నాయన అని పేరు పెట్టి పెన్ డ్రైవ్‌లో ఆ నెల ఫైలు వెనకాలే పెట్టా. చెవితో చదువుతా అన్నా, ఒక్కటి చెప్పండి, మిషన్ గొంతు కంటే ఈ రికార్డింగు శబ్దం చాలా తక్కువగా వస్తోంది, రెండూ ఒకే స్థాయికి ఎలా తీసుకురావాలి? వాల్యూమ్ పెంచే బటన్ ఏదో ఆయనకి వేలికి దొరకడం లేదు.

చెవితో చదువుతా:

ఆడాసిటీ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, రెండు ఫైళ్లూ అందులో తెరిచి లౌడ్‌నెస్ నార్మలైజేషన్ (వినపడే శబ్దం స్థాయిని సమం చేసే ఆప్షన్) ఒకే అంకెతో చెయ్యండి, దాదాపు ఒక స్థాయికి వస్తాయి. ఫోన్ మంచం మీద కాకుండా ఆయన ఛాతీ దగ్గర, మెత్తటి గుడ్డ మీద పెట్టండి. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపండి. వాల్యూమ్ బటన్‌కి రెండు చుక్కలు పెట్టండి.